గంట, జపం, పని: తెలుగునాట కతోలిక కన్యాస్త్రీల నిత్యప్రార్థన - చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగు ప్రాంతంలో కతోలిక కన్యాస్త్రీల చరిత్రను ఇంతవరకు ప్రధానంగా వారి పాఠశాలలు, వైద్యశాలల చరిత్రగానే చూశారు. ఆ సేవను నిలబెట్టిన నిత్యప్రార్థన మీద చర్చ తక్కువ. ఆ ప్రార్థనకు ఒక నిర్మాణం, ఒక భాషా చరిత్ర, ఒక కాలభావన ఉన్నాయి. 1849 నుంచి తెలుగు ప్రాంతానికి వచ్చిన కన్యాస్త్రీల సంఘాలు తెచ్చిన ప్రార్థనానియమం, అది లాటిన్ నుంచి తెలుగులోకి మారిన తీరు, నేటి సైబరాబాదు జీవనగతిలో దాని స్థితి ఈ వ్యాసంలోని పరిశీలనాంశాలు. కర్త పేరు లేని సామూహిక ప్రార్థనను కూడా తెలుగు స్త్రీల వాఙ్మయంలో భాగంగా గుర్తించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కన్యాస్త్రీలు, మఠజీవితం, నిత్యప్రార్థన, త్రికాల జపం, కీర్తనలు, తెలుగు కతోలిక పరిభాష, సికింద్రాబాదు, గుంటూరు, సైబరాబాదు.

1. ఉపోద్ఘాతం

రోజును ప్రార్థనావేళలుగా విభజించుకోవడం తెలుగువారికి కొత్త కాదు. సంధ్యావందనానికి మూడు వేళలు, నమాజుకు అయిదు వేళలు ఉన్నాయి. తిరుమలలో సుప్రభాతం నుంచి ఏకాంతసేవ వరకు స్వామివారి దినచర్య అంతా సేవలుగా నడుస్తుంది. ఆ ఏకాంతసేవలోనే 18వ శతాబ్దపు కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాలహారతి సమర్పిస్తారు. ఒక స్త్రీ భక్తి ఒక మహాక్షేత్రపు నిత్యక్రమంలో స్థానం సంపాదించుకున్న అరుదైన ఉదాహరణ అది.

వెంగమాంబను సాహిత్యచరిత్ర గుర్తుపెట్టుకోవడానికి ఒక కారణం ఆమె కావ్యకర్త్రి కావడం. చరిత్రకారుడు మొదట వెతికేది కర్తను, తరువాత కృతిని. కన్యాస్త్రీల సముదాయాలలో ఈ రెండూ ఆ రూపంలో దొరకవు. అక్కడ ప్రార్థన ఒకరు రచించి మరొకరు చదివేది కాదు. రెండు వరుసలుగా కూర్చున్న స్త్రీలు ఒక చరణం తరువాత ఒక చరణం అందుకుంటూ చదివేది. అందులో వ్యక్తిగత ముద్ర కనబడకపోవడమే దాని నియమం. అందువల్లనే నూటయాభై ఏళ్లకు పైగా తెలుగునేల మీద సాగుతున్న ఈ వాఙ్మయాచరణ సాహిత్యచరిత్ర దృష్టికి దాదాపు రాలేదు.

2. మఠం, కన్యాస్త్రీ: పదాల వెనుక చరిత్ర

కతోలిక స్త్రీలకు సంబంధించి తెలుగులో రెండు మాటలు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి 'మఠకన్య', మరొకటి 'కన్యాస్త్రీ'. తమిళ, మలయాళాల్లోనూ 'కన్యాస్త్రీ' మాట ఇదే అర్థంలో ఉంది. అంటే ఇది దక్షిణభారత కతోలిక సమాజాలకు ఉమ్మడి పదం. 'మఠకన్య'లోని 'మఠం' మాత్రం శైవ, వైష్ణవ, అద్వైత సంప్రదాయాల నుంచి తీసుకున్న మాట. ఆ సంప్రదాయాలలో మఠం ప్రధానంగా పురుషుల వ్యవస్థ. దాని పక్కన 'కన్య' అనే మాటను చేర్చడంతో తెలుగులో ఒక కొత్త సామాజికస్థితికి పేరు ఏర్పడింది: పెళ్లి చేసుకోని, తల్లిదండ్రుల ఇంట్లో ఉండని, అయినా నిరాదరణకు గురికాని స్త్రీ.

ఈ పదాలు ఒక భేదాన్ని మాత్రం చెప్పవు. కతోలిక శ్రీసభ చట్టం లోకానికి దూరంగా గడపలోపలే జీవించే ధ్యానమఠవాసినులను, పాఠశాలల్లో, వైద్యశాలల్లో పనిచేసే సంఘాల సోదరీమణులను వేరువేరుగా చూస్తుంది. 1298లో పోపు 8వ బోనిఫేసు స్త్రీమఠాలన్నింటికీ గడపదాటని నియమాన్ని విధించాడు. 1563లో ట్రెంట్ మహాసభ దాన్ని మళ్లీ ధ్రువీకరించింది. వీధుల్లోకి వెళ్లి రోగులకు, పేదలకు సేవచేసే స్త్రీల సంఘాలకు పూర్తిస్థాయి మఠజీవిత గుర్తింపు రావడానికి 1900 దాకా ఆగవలసివచ్చింది. ఆ ఏడు పోపు 13వ లియో ఇచ్చిన శాసనం ఆ గుర్తింపును ఇచ్చింది. తెలుగు ప్రాంతానికి తొలితరంలో వచ్చిన సంఘాలు ఈ రెండవ కోవవి. కాబట్టి 'మఠకన్య' అని తెలుగువారు ఎవరిని పిలిచారో, రోము చట్టం చాలాకాలం వారిని కచ్చితమైన అర్థంలో మఠవాసినులుగా లెక్కించలేదు. ఇక్కడ తెలుగుమాట రోము చట్టం కంటే ఉదారంగా ఉంది.

ప్రార్థనకు సంబంధించిన పరిభాషలో కూడా ఇదే పోకడ కనిపిస్తుంది. తెలుగు కతోలికుల వాడుకలో పరలోక జపం, మంగళవార్త జపం, జపమాల, త్రికాల జపం, దివ్యబలిపూజ, దివ్యసత్ప్రసాదం వంటి మాటలు స్థిరపడ్డాయి. ప్రొటెస్టంటు సమాజాల్లో 'ప్రార్థన', 'ఆరాధన' ప్రధానం కాగా కతోలిక వాడుకలో 'జపం', 'పూజ' ప్రధానం. 18వ శతాబ్దంలో రాయలసీమ ప్రాంతంలో పనిచేసిన కర్ణాటక మిషన్ జెస్విట్ గురువులు సన్యాసుల వేషభాషలను స్వీకరించిన సంగతి ప్రసిద్ధం. సంస్కృత పదజాలంతో క్రైస్తవ విషయాన్ని చెప్పే పద్ధతికి మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము' సాక్ష్యం. కన్యాస్త్రీలు వచ్చేనాటికే జపానికి తెలుగులో ఒక పరిభాష సిద్ధంగా ఉంది. అయితే దాన్ని తమ సముదాయ ప్రార్థనలో వాడుకునే అవకాశం వారికి చాలాకాలం రాలేదు.

3. తెలుగు ప్రాంతానికి వచ్చిన సంఘాలు

విశాఖపట్నం ప్రాంతంలో ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీలు 1846లో పని ప్రారంభించారు. వారి వెనుకనే 1849లో అనెసీకి చెందిన సెయింట్ జోసెఫ్ సోదరీమణులు యానాం చేరారు.

నిజాం రాజ్యంలో హైదరాబాదు 1851లో ప్రత్యేక వికారియేటుగా ఏర్పడింది. 1855 నుంచి మిలాను మిషనరీ గురువులు దాని బాధ్యత వహించారు. ఆ నేపథ్యంలోనే 1871లో ఇటలీలోని టురిను నుంచి సెయింట్ ఆన్ సోదరీమణులు సికింద్రాబాదుకు వచ్చారు. ఈ సంఘాన్ని 1834లో కార్లో తాన్‌క్రేది ఫల్లెత్తి, ఆయన భార్య జూలియా కొల్బేర్ స్థాపించారు. సంతానం లేని ఆ దంపతులు తమ సంపదను పేదల కోసం వెచ్చించారు. జూలియా టురిను చెరసాలల్లోని స్త్రీల స్థితిని మార్చడానికి కృషి చేసిన సంస్కర్త. భారతదేశానికి సోదరీమణులను పంపిన నాయకురాలు మదర్ ఎన్రికెత్తా దొమినిచి. 1861 నుంచి 1894లో మరణించేవరకు ఆమె సంఘానికి సర్వోన్నతాధికారిణి. 1978లో పోపు 6వ పౌలు ఆమెను ధన్యురాలిగా ప్రకటించాడు.

ఆంధ్రతీరంలో 1904 మరో ముఖ్యమైన సంవత్సరం. నెదర్లాండ్స్‌లో 1822లో ఏర్పడిన జీసస్ మేరీ జోసెఫ్ సంఘపు సోదరీమణులు ఆ ఏడు గుంటూరుకు వచ్చారు. తెలుగునాట జె.ఎం.జె. సోదరీమణులుగా వీరు ప్రసిద్ధులు. ఫ్రెంచి, ఇటాలియను, డచ్చి మాతృభాషలుగా గల ఈ స్త్రీలు తెలుగు నేర్చుకున్నది మొదట తరగతిగది కోసం, రోగి మంచం దగ్గర మాట్లాడటం కోసం. చాపెల్‌లో మాత్రం లాటిన్, లేదా తమ సంఘపు ఐరోపా భాష కొనసాగింది.

4. దినచర్య నిర్మాణం

పడమటి క్రైస్తవ మఠజీవితానికి మూలగ్రంథం 6వ శతాబ్దానికి చెందిన బెనెడిక్టు నియమావళి. పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి దైవస్తుతి చేయాలన్న క్రమాన్ని అది కీర్తనల గ్రంథం ఆధారంగానే నిర్ణయించింది. వారం తిరిగేలోగా 150 కీర్తనలు పూర్తికావాలన్నది ఆ నియమం. ధ్యానమఠాల్లో ఇదే ప్రధానవృత్తి.

సేవాసంఘాలకు ఇంత దీర్ఘమైన క్రమం సాధ్యం కాదు. ఉదయం బడిగంట మోగేలోపు ధ్యానం, బలిపూజ ముగియాలి. అందుచేత ఇటువంటి సంఘాల్లో చాలావరకు మరియమాత లఘుప్రార్థనా క్రమాన్నో, సంఘపు ప్రార్థనా పుస్తకంలోని జపాలనో పాటించేవారు. 1917 నాటి శ్రీసభ చట్టం అనుదిన ధ్యానం, బలిపూజ, వారానికొకసారి పాపసంకీర్తనం, ఏటా కొన్నిరోజుల ఏకాంతధ్యానం మఠవాసులకు విధించింది. ఈ ఏకాంతధ్యానాన్నే తెలుగు కతోలికులు 'వడకం' అంటారు.

1983 నాటి కొత్త చట్టం ఈ అంశాలను మరింత క్రమబద్ధం చేసింది. సాధ్యమైనంతవరకు ప్రతిరోజూ బలిపూజలో పాల్గొనడం, పవిత్రగ్రంథ పఠనం, మౌనధ్యానం, వేళల ప్రార్థన, జపమాల, ఆత్మపరిశోధన, వార్షిక వడకం ఇందులో ఉన్నాయి. ప్రతి మఠగృహంలో దివ్యసత్ప్రసాదాన్ని ఉంచిన చాపెల్ ఉండాలని, అదే సముదాయానికి కేంద్రం కావాలని కూడా అది చెబుతుంది. ఆ ఇంట్లో ఉన్నవారు ముగ్గురైనా ముప్పైమందైనా ఈ నిర్మాణం ఒకటే.

వేళల ప్రార్థనలో ఉదయ, సాయంకాల ప్రార్థనలు రెండు కీలకాలు. ఉదయం జెకర్యా గీతం, సాయంత్రం మరియమ్మ గీతం, నిద్రకు ముందు సిమియోను గీతం వస్తాయి. మూడూ లూకా సువార్తలోనివే. వీటిలో స్త్రీ నోట వెలువడినది మరియమ్మ గీతం ఒక్కటే. గర్భవతి అయిన ఒక పల్లెటూరి యువతి బలవంతులను ఆసనాల నుంచి దించి దీనులను లేవనెత్తే దేవుణ్ణి స్తుతించడం ఆ గీత విషయం. తెలుగు కతోలిక సమాజంలో దళితుల సంఖ్య గణనీయం. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో వెలువరించిన దళిత సాధికారత విధానపత్రం శ్రీసభలోనే కులవివక్ష ఉందని అంగీకరించింది. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని 2022లో కార్డినల్ అయినప్పుడు, ఆ స్థానానికి చేరిన తొలి దళితుడిగా, తొలి తెలుగువాడిగా ఆయన నియామకం వార్త అయింది. అంత ఆలస్యంగా అది వార్త కావడమే ఒక విమర్శ. ప్రతి సాయంత్రం ఈ గీతం పాడే సముదాయాలకు తమ భోజనశాలలోనూ పదవుల పంపకంలోనూ అదే గీతం ప్రశ్నగా నిలుస్తుంది. నిత్యప్రార్థన ఓదార్పు మాత్రమే కాదని, తనను పాడేవారినే విచారించే వాక్యం కూడా అని ఈ సందర్భం చూపిస్తుంది.

5. వైద్యశాలలో ప్రార్థన: మేరీ గ్లౌరీ జీవితం

ప్రార్థనావేళకూ పనివేళకూ మధ్య ఘర్షణ ఏర్పడితే ఏది నిలవాలి? ఈ ప్రశ్నకు గుంటూరు చరిత్రలో ఒక జీవితం సమాధానంగా కనిపిస్తుంది. మేరీ గ్లౌరీ 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జన్మించింది. మెల్‌బోర్న్‌లో వైద్యవిద్య పూర్తిచేసి అక్కడే వృత్తిలో స్థిరపడింది. భారతదేశంలో పురుషవైద్యుల దగ్గరకు వెళ్లలేక స్త్రీలు, శిశువులు చనిపోతున్న స్థితిని గురించి 1915లో ఒక చిన్న పుస్తకంలో చదివింది. 1920లో గుంటూరు చేరి జె.ఎం.జె. సంఘంలో ప్రవేశించింది.

ఆనాటి శ్రీసభ నియమాల ప్రకారం మఠవాసినులు వైద్యవృత్తి చేయడానికి, ముఖ్యంగా ప్రసూతి వైద్యం చేయడానికి, అనుమతి లేదు. పోపు 15వ బెనెడిక్టు ప్రత్యేకానుమతితో ఆమె కన్యాస్త్రీగా ఉంటూనే వైద్యం కొనసాగించింది. అందరికీ వర్తించేలా ఈ నిషేధాన్ని రోము సడలించింది 1936లో. అంటే గుంటూరులో జరిగిన పని ఆ సడలింపు కంటే పదిహేనేళ్లు పైచిలుకు ముందరిది. ఆమె స్థానిక యువతులకు మందులు కలపడంలో, శుశ్రూషలో, ప్రసవాలు చేయడంలో శిక్షణ ఇచ్చింది. 1943లో ఆమె చొరవతో ఏర్పడిన కతోలిక వైద్యశాలల సంఘం ప్రధానకార్యాలయం నేడు సికింద్రాబాదులో ఉంది. 1957లో ఆమె బెంగుళూరులో మరణించింది.

ప్రసవానికి వేళ ఉండదు. చాపెల్ గంటకు కచ్చితమైన వేళ ఉంటుంది. 'ప్రార్థన వదలి సేవకు పోవడం దేవుణ్ణి విడిచి దేవుడి దగ్గరకే పోవడం' అన్న భావం సేవాసంఘాల ఆధ్యాత్మికతలో 17వ శతాబ్దం నుంచీ ఉంది. సంత్ విన్సెంట్ డి పాల్ బోధలు దానికి ఆధారం. అయితే ఇది ప్రార్థనను మానడానికి అనుమతి కాదు. మధ్యలో వదిలివెళ్లిన జపాన్ని మళ్లీ అందుకోవడం, సముదాయంలో ఒకరు లేనప్పుడు మిగిలినవారు ఆమె వరుసను కొనసాగించడం ఈ జీవితపు అంతర్నియమం. ప్రార్థన సామూహికం కావడంలోని ప్రయోజనం ఇక్కడే స్పష్టమవుతుంది. ఒకరి గైర్హాజరు వల్ల ప్రార్థన ఆగిపోదు.

6. లాటిన్ నుంచి తెలుగుకు

రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన శాసనం కన్యాస్త్రీల ప్రార్థన విషయంలో రెండు ముఖ్యమైన మార్పులు తెచ్చింది. మొదటిది భాష. స్త్రీమఠాలు, గురుపట్టం లేని సంఘాలు వేళల ప్రార్థనను సామూహికంగా కూడా దేశభాషలో చేసుకోవచ్చని అది అనుమతించింది. రెండవది గుర్తింపు. ఆమోదం పొందిన లఘుప్రార్థనా క్రమాన్ని పాటించే సంఘాలు కూడా శ్రీసభ బహిరంగ ప్రార్థననే చేస్తున్నాయని అది ప్రకటించింది. అంతవరకు అధికారిక ప్రార్థనకు అనుబంధంగా మాత్రమే లెక్కకు వచ్చిన స్త్రీల జపం ఈ వాక్యంతో శ్రీసభ గొంతుగా గుర్తింపు పొందింది. 1970లో సంస్కరించిన వేళల ప్రార్థన వెలువడింది. ఒక్కవారంలో పూర్తయ్యే కీర్తనలను నాలుగువారాలకు విస్తరించారు. పనిచేసే మనిషి దినాన్ని దృష్టిలో పెట్టుకున్న మార్పు ఇది.

అదే కాలంలో భారతీయ పూజారూపాల స్వీకరణ జరిగింది. 1969లో రోము ఆమోదించిన పన్నెండు అంశాల్లో అంజలి, పంచాంగ ప్రణామం, నేలమీద కూర్చోవడం, చెప్పులు విడవడం, నూనెదీపం, హారతి ఉన్నాయి. బెంగుళూరులో డి.ఎస్. అమలోర్పవదాస్ నాయకత్వంలో 1967లో నెలకొన్న జాతీయ కేంద్రం ఈ మార్పులకు వెన్నుదన్ను. తెలుగునాట సికింద్రాబాదులోని అమృతవాణి సంస్థ ప్రార్థనా గ్రంథాలను, గీతాలను, పవిత్రగ్రంథాన్ని తెలుగులో అందించడంలో ముఖ్యపాత్ర వహించింది. కతోలిక బైబులు అనువాదంలో జెస్విట్ గురువు పూదోట జోజయ్య కృషి సుపరిచితం.

భాష మారడం వల్ల ప్రార్థన స్వభావం కూడా కొంత మారింది. లాటిన్‌లో కీర్తన అందరికీ సమానదూరంలో ఉండేది. తెలుగులోకి రాగానే పొలం, వాన, కరువు, శత్రువు, అప్పు వంటి మాటలు పల్లె నుంచి వచ్చిన యువతి అనుభవాన్ని నేరుగా తాకాయి. కీర్తనల్లోని ఆక్రోశం, ఫిర్యాదు అర్థమైనాయి. విధేయతను మాటపట్టుగా స్వీకరించిన స్త్రీలు ప్రతిరోజూ బిగ్గరగా ఫిర్యాదు చేసే వాక్యాలను తమ భాషలో పలకడం చిన్న విషయం కాదు.

7. సైబరాబాదులో కాలం

1998 నవంబరు 22న మాదాపురంలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. తరువాతి రెండు దశాబ్దాల్లో మాదాపురం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతాలు అంతర్జాతీయ పనివేళలకు అనుగుణంగా మారాయి. హైదరాబాదులో సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి వేసవిలో న్యూయార్కులో ఉదయం తొమ్మిది అవుతుంది. కన్యాస్త్రీల చాపెల్‌లో సాయంకాల ప్రార్థన సాధారణంగా సాగే వేళకే అమెరికా కంపెనీల పనిదినం మొదలవుతుందన్నమాట. ఒకే నగరంలో ఒక కాలం సూర్యుణ్ణి అనుసరిస్తే మరొక కాలం వినియోగదారుణ్ణి అనుసరిస్తుంది.

ఈ భేదాన్ని ప్రాచీనశాంతి, ఆధునిక అశాంతి అనే ద్వంద్వంగా కుదించడం సరికాదు. గంటకు లోబడటం రెండుచోట్లా ఉంది. రాత్రి మేల్కొనడం కూడా మఠానికి కొత్త కాదు. తేడా కాలం ఎవరిది అనే ప్రశ్నలో ఉంది. షిఫ్టుపనిలో కాలం అమ్ముడవుతుంది. వేళల ప్రార్థనలో కాలాన్ని ప్రయోజనం లెక్కించకుండా అర్పిస్తారు. ఉత్పత్తి ఏమీ లేని అరగంటను రోజూ అదే వేళకు కాపాడుకోవడం ఐ.టి. నడవాలో అసాధారణమైన పని.

వలసలు పెరిగిన ఈ నగరంలో ప్రార్థనాభాష కూడా ఒకటి కాదు. 2017లో శంషాబాదు కేంద్రంగా సిరోమలబారు పీఠం ఏర్పడింది. ఆ సంప్రదాయంలో సాయంకాల ప్రార్థన 'రంషా', రాత్రి ప్రార్థన 'లెల్యా', ఉదయ ప్రార్థన 'సప్రా'. ఇవి సిరియా భాషాపదాలు. లాటిన్ సంప్రదాయపు వేళలు, సిరియా సంప్రదాయపు వేళలు నేడు ఒకే నగరంలో పక్కపక్కన సాగుతున్నాయి. అనేక రాష్ట్రాల స్త్రీలు కలిసి జీవించే సముదాయంలో ఉమ్మడి భాష సహజంగానే ఇంగ్లీషు అవుతుంది. 1963 తరువాత లాటిన్ ఖాళీచేసిన స్థానంలోకి తెలుగు వచ్చింది. నగర సముదాయాల్లో ఇప్పుడు ఆ స్థానం ఇంగ్లీషుకు దక్కే అవకాశం ఉంది. అది జరిగితే పల్లెలోని గుడిలో తెలుగుజపం, నగరంలోని చాపెల్‌లో ఇంగ్లీషు కీర్తన అనే విభజన ఏర్పడుతుంది. భాషతో పాటు వర్గభేదం కూడా ప్రార్థనలోకి ప్రవేశిస్తుంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి. తెలుగునాట కన్యాస్త్రీల నిత్యప్రార్థన ఐరోపా నుంచి యథాతథంగా దిగుమతి అయి నిలిచిపోయిన ఆచారం కాదు. అది సేవాజీవితానికి తగినట్లు కుదించుకుంది, దేశభాషలోకి మారింది, హారతినీ అంజలినీ స్వీకరించింది. దాని పరిభాష తెలుగు ధార్మిక పదజాలంతో అల్లుకుపోయింది. స్త్రీల ప్రార్థనకు శ్రీసభలో సమానగౌరవం రావడానికి పట్టిన కాలం దాని చరిత్రలో భాగం. కులం, భాష విషయాల్లో ఆ ప్రార్థన వేసే ప్రశ్నలు ఇంకా తీరలేదు.

కన్యామఠాల్లో వాడి అరిగిన ప్రార్థనా పుస్తకాలు, చేతిరాత గీతాల నోటుపుస్తకాలు, వడకాల్లో రాసుకున్న ధ్యానవాక్యాలు సాహిత్య పరిశోధకులకు విలువైన ఆధారాలు. పెద్దవయసు సోదరీమణులకు లాటిన్ జపం, తొలి తెలుగు కీర్తన రెండూ జ్ఞాపకమున్న తరం క్రమంగా కనుమరుగవుతోంది. వారి జ్ఞాపకాలను నమోదు చేయడం తక్షణ కర్తవ్యం. కర్త పేరు లేనంతమాత్రాన ఆ వాఙ్మయానికి కర్తలు లేరనుకోరాదు. ప్రతి సాయంత్రం రెండు వరుసల్లో నిలిచి దాన్ని పలికినవారందరూ దానికి కర్తలే.